డిసెంబరు ఎండల్లో అమ్మానాన్నలతో

మెల్‌బోర్న్‌లో డిసెంబరు మూడో వారానికి బడులు మూసేస్తారు. మళ్ళీ తెరిచేది జనవరి నెలాఖరుకే. ఆఫీసులు కూడా క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య తలుపులేసుకుంటాయి, అదీ మన లీవుల్లోంచే కోసుకుని మరీ. ఏడాది మొత్తంలో మా ఇంట్లో అందరం ఒకేసారి ఖాళీగా దొరికేది ఆ రోజుల్లోనే. అందుకని అమ్మానాన్నల్ని రమ్మన్నప్పుడల్లా టికెట్లు నవంబరు చివర్లో ఉండేలా చూసేవాళ్ళం. వీసా ఎన్ని నెలలకి వచ్చినా, మేం నిజంగా వాళ్ళతో గడిపింది ఆ కాస్త కాలమే. మిగతా నెలల్లో పొద్దున్నే మేం తలో దిక్కుకి పోతే, వాళ్ళిద్దరూ ఇంట్లో యూట్యూబ్ పెట్టుకుని పాత సినిమాలు చూస్తూ కూర్చునేవాళ్ళు. "ఈ ఊళ్ళో మనుషులు కార్లలోనే ఉంటారా అమ్మాయ్, రోడ్డు మీద ఒక్కరూ కనపడరు" అనేవారు నాన్న. విదేశాల్లో పిల్లలున్న చాలామంది తల్లిదండ్రుల పరిస్థితి ఇదే. దీన్ని పక్కన పెట్టేసి అంతా సంబరమే అన్నట్టు రాయడం నాకు నచ్చదు. అయినా ఆ డిసెంబరులు మాత్రం వేరు.

మొదటిసారి వచ్చింది 2014లో. అబ్బాయి అప్పుడప్పుడే బడికి వెళ్తున్నాడు. అమ్మాయికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. ఎయిర్‌పోర్టులో జనమంతా బయటికొచ్చేస్తున్నా వీళ్ళ జాడ లేదు. మాకు ఒకటే టెన్షన్. తీరా చూస్తే, విమానంలో ఇచ్చిన కార్డులో తినే వస్తువులు తెచ్చారా అన్నచోట నాన్న 'అవును' అని టిక్కు పెట్టి ఊరుకోలేదు. ఆవకాయ దగ్గర్నించి అటుకుల దాకా మొత్తం జాబితా విడిగా ఓ కాగితం మీద రాసి ఆఫీసరుకి ఇచ్చారట. ఆయన పెట్టె మొత్తం విప్పి, ఓపిగ్గా ఒక్కొక్కటీ చూసి, నెయ్యీ పాలకోవా మాత్రం తీసి పక్కన పెట్టాడు. పశువుల రోగాలు వస్తాయని ఇక్కడ బయటి దేశాల పాల వస్తువుల మీద పట్టింపు ఎక్కువ. "ఇంట్లో కాచిన నెయ్యే, కళ్ళ ముందే చెత్తలో వేశాడు" అని అమ్మ కారెక్కిన దగ్గర్నించీ అదే మాట. నాన్నేమో ఆ ఆఫీసరు ఎంత మర్యాదగా మాట్లాడాడో చెప్తున్నారు.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న రిటైరయ్యేదాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పారు. దక్షిణార్ధగోళంలో డిసెంబరు అంటే వేసవి అనీ, ఆ నెల 22 ప్రాంతంలో సూర్యకిరణాలు మకరరేఖ మీద నిట్టనిలువుగా పడతాయనీ ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించారో లెక్కలేదు. ఆ వేసవి ఎలా ఉంటుందో మాత్రం ఆయన ఒంటికి తెలీదు. వచ్చిన మర్నాడు పెరట్లో చాలాసేపు నిలబడి లోపలికొచ్చారు.

"అమ్మాయ్, మీ ఇల్లు తూర్పు ముఖమేనా?"

"తూర్పే నాన్నా."

"మరి సూర్యుడు ఎడంపక్క నించి పోతున్నాడేంటి?"

అడిగాక ఆయనకే తట్టింది. పెద్దగా నవ్వారు. మన దగ్గర డిసెంబరు సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, మెల్‌బోర్న్‌లో ఉత్తరానికి వాలి నడుస్తాడు. పుస్తకంలో ఉన్నదే. ఉన్నదే అయినా ఆయన ఆ రోజంతా ఓ కుర్చీ వేసుకుని ఆకాశం వైపు చూస్తూనే ఉన్నారు.

ఇక మర్నాటి నించి మనవణ్ణి వెంటేసుకున్నారు. పెరట్లో లాన్ మధ్యలో మీటరు పొడుగున్న కర్ర నిటారుగా పాతారు. కాసేపటికోసారి నీడ చివర గులకరాయి పెట్టడం వాడి పని. తాతయ్య గొడుగు పట్టుకుని గడియారం చూస్తూ "ఇప్పుడు పెట్టు" అంటే వాడు పరిగెత్తుకెళ్ళి పెట్టేవాడు. నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యేసరికి టైము ఒంటిగంటా ఇరవై. జానెడు పైచిలుకు నీడ, అదీ దక్షిణం వైపుకి. మా ఊళ్ళో మే మొదటివారం నించి ఆగస్టు మొదటివారం దాకా తప్ప మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుంది. పన్నెండింటికి కావలసిన మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఎందుకైందని వాడు అడిగాడు. ఇక్కడ ఎండాకాలంలో గడియారాలు గంట ముందుకి జరుపుతారని నేను చెప్పాను. "అయితే మిట్టమధ్యాహ్నం ఎప్పుడో కూడా గవర్నమెంటే చెప్తుందన్నమాట" అన్నారు నాన్న. ఆ గంట పోగా మిగిలిన ఇరవై నిమిషాల తేడా రేఖాంశం వల్ల అని నారింజపండు మీద స్కెచ్ పెన్నుతో గీసి చూపించారు. వాడికి అప్పుడేం అర్థమైందో నాకు తెలీదు. ఆ గులకరాళ్ళు మాత్రం తీయనివ్వలేదు. తర్వాత ఎన్నాళ్ళో మా ఆయన గడ్డి కోసేటప్పుడు మెషీన్‌కి తగిలి టంగుమనేవి.

రాత్రి ఇంకో వింత. పున్నమి చంద్రుణ్ణి చూపించి మనవరాలికి కుందేలు కథ చెబుదామంటే, చంద్రుడిలో కుందేలు తలకిందులుగా ఉంది. "పిల్లకి ఇప్పుడు ఏ కథ చెప్పను?" అని అమ్మ నిజంగానే ఇబ్బంది పడింది.

అమ్మ కష్టాలు వేరే. మన ఇళ్ళలో డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది, దీపం పెట్టి పొయ్యి వెలిగిస్తే ఎనిమిదికి భోజనాలు అయిపోతాయి. ఇక్కడ పొద్దు గూకేది దాదాపు ఎనిమిదీ ముప్పావుకి. అమ్మ సంధ్య కోసం చూస్తూ కూర్చుంటే అది రాదు, పిల్లలు ఆకలికి ఆగరు. చివరికి దీపం గడియారం చూసి ఆరింటికే పెట్టడం మొదలుపెట్టింది. బయట మొహం మీద కొడుతున్న ఎండ, లోపల వెలుగుతున్న దీపం.

క్రిస్మస్ అనగానే మా ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది చలి. డిసెంబరు మొదలైతే పేటలో ప్రతి ఇంటి మీదా వెదురుబద్దలకి రంగు కాగితం అంటించి చేసిన నక్షత్రం వేలాడేది, లోపల బల్బు. రాత్రిపూట మంకీ క్యాపులు పెట్టుకుని డప్పులతో పాడుకుంటూ వీధులన్నీ తిరిగేవాళ్ళు. అందులో సగం మంది నాన్న స్టూడెంట్లే. మాది హిందువుల ఇల్లయినా మాస్టారి గుమ్మం ముందు ఆగి ఓ పాట పాడి వెళ్ళేవాళ్ళు. మేం దుప్పట్లు కప్పుకుని వినేవాళ్ళం. స్కూల్లో సెమీ క్రిస్మస్‌కి ఇచ్చే కేకు ముక్కని నాన్న కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చేవారు.

అందుకే ఇక్కడి క్రిస్మస్ వాళ్ళకి ఒక పట్టాన ఎక్కలేదు. షార్ట్స్ వేసుకుని ఐస్‌క్రీములు తింటున్న జనం, షాపుల అద్దాల మీద దూదితో చేసిన మంచు, అంత ఎండలోనూ ఉన్ని కోటు వేసుకుని పిల్లలతో ఫొటోలు దిగుతున్న శాంటా. "పాపం ఆ ముసలాయన లోపల ఉడికిపోతున్నాడు, ఎవరైనా మజ్జిగ ఇవ్వండి" అంది అమ్మ. నాన్న మా వీధి అటూ ఇటూ నడిచొచ్చి, "ఒక్క ఇంటి మీదా నక్షత్రం లేదేంటి?" అని అడిగారు. అప్పుడే మా అబ్బాయీ ఆయనా కలిసి ఐస్‌క్రీము పుల్లలతో, బంగారురంగు కాగితంతో ఒకటి చేసి గుమ్మానికి కట్టారు. మాకు క్రిస్మస్ చెట్టు లేదు కాబట్టి పిల్లల బహుమతులన్నీ ఆ నక్షత్రం కిందే పెట్టాం.

సిటీలో బర్క్ స్ట్రీట్ మీద మాయర్ షాపు వాళ్ళు 1956 నించి ప్రతి క్రిస్మస్‌కీ అద్దాల వెనక కదిలే బొమ్మలతో ఓ కథ పెడతారు. దానికి పెద్ద లైను. అమ్మకి మొదట "బొమ్మలకొలువు చూడ్డానికి లైనేంటి" అనిపించినా, చూశాక ఇంకోసారి లైన్లో నిలబడదామంది. ఐవన్‌హోలో బూలవార్డ్ అనే వీధిలో ఇళ్ళన్నిటికీ లైట్లు పెడతారు. అది చూడాలంటే చీకటి పడాలి, చీకటి పడాలంటే తొమ్మిదిన్నర కావాలి. పిల్లలు కారులోనే నిద్రపోయారు, లైట్లన్నీ అమ్మానాన్నే చూశారు.

పక్కింటి ముసలావిడ ఇరవైనాలుగున ఓ ప్లేటు నిండా బిస్కెట్లు తెచ్చిచ్చింది. ఖాళీ ప్లేటు తిరిగివ్వకూడదు కదా, అమ్మ దాని నిండా జంతికలు పెట్టి పంపింది. ఆవిడ మర్నాడు అందర్నీ భోజనానికి పిలిచింది. ఇక్కడ క్రిస్మస్ భోజనం మధ్యాహ్నం పూట, సగం చల్లటివే. ఐస్ మీద పెట్టిన ఉడకేసిన రొయ్యలు, పండ్లముక్కలు పరిచిన పావ్‌లోవా అనే తెల్లసొన కేకు, చెర్రీలు. మాది రొయ్యల చెరువులున్న ప్రాంతం. ఉప్పూ కారం లేని రొయ్యని నాన్న మర్యాద కోసం ఒకటి ఒలుచుకుని తిని, తర్వాత మెల్లగా ఇంకో ప్లేటు ఖాళీ చేశారు. రెండు కొసలూ చెరొకరు లాగితే టప్‌మని పేలే కాగితం గొట్టాలు బల్ల మీద పెట్టారు. అందులోంచి వచ్చిన కాగితం కిరీటం అందరూ పెట్టుకోవాలి. నాన్న మొత్తం భోజనం ఆకుపచ్చ కిరీటంతో చేశారు. ఆ ఫొటో మా బంధువులందరి ఫోన్లలోనూ ఉంది.

ఆ ఎండాకాలం బాగా తిరిగాం. లీవు అయిపోయేలోగా అన్నీ చూపించేయాలని మా ఆయన పట్టుదల. పఫింగ్ బిల్లీ అని 1900లో మొదలైన నారోగేజ్ రైలు ఉంది, ఆవిరి ఇంజనుతో బెల్‌గ్రేవ్ నించి జెంబ్రూక్ దాకా 24 కిలోమీటర్లు కొండల్లో నడుస్తుంది. పెట్టె అంచు మీద కూర్చుని కాళ్ళు బయటికి వేలాడేసుకోవచ్చు. నాన్న కాసేపు తటపటాయించి, చెప్పులు విప్పి అమ్మకిచ్చి, కాళ్ళు బయటపెట్టి కూర్చున్నారు. స్టేషన్లో టోపీలు పెట్టుకుని జెండాలూపేవాళ్ళలో చాలామంది జీతం లేకుండా పనిచేసే రిటైరైన మనుషులని తెలిసి, దిగాక వాళ్ళలో ఒకాయనతో ఎంతసేపు మాట్లాడారో! ఇద్దరి ఇంగ్లీషూ ఇద్దరికీ సగమే అర్థమైనట్టుంది.

ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్లు మాత్రం అమ్మకి ఆనలేదు. మండువేసవి అన్నారు కదా అని పల్చటి చీరతో వచ్చింది. తొమ్మిది గంటలకి సముద్రపు గాలి చలిపెడుతుంటే మా దుప్పటి లాక్కుని కప్పుకుంది. అడుగు ఎత్తు ఉండే పెంగ్విన్లు చీకటి పడ్డాక నీళ్ళలోంచి గుంపులుగా వచ్చి ఒడ్డుదాటి గూళ్ళకి నడిచివెళ్తాయి. ఫొటోలు తీయనివ్వరు. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే అమ్మ నా చెవిలో, "మన చెరువు నించి సాయంత్రం ఇంటికొచ్చే బాతుల్లాగే ఉన్నాయి కదే, వీటికోసమా ఇంత దూరం?" అంది.

గ్రేట్ ఓషన్ రోడ్డు మీద ఆవిడ పరిస్థితి ఇంకా ఘోరం. పక్కనే సముద్రం, ఒకదాని తర్వాత ఒకటి మలుపులు. లోర్న్ అనే ఊరు దాటకముందే వాంతులు. ముందు సీట్లో నాన్న మాత్రం మహా హుషారు. మొదటి ప్రపంచ యుద్ధం నించి తిరిగొచ్చిన సైనికులు 1919 నించి 1932 దాకా పలుగూ పారా పట్టి ఆ రోడ్డు వేశారు, యుద్ధంలో చనిపోయిన తోటివాళ్ళ పేరు మీద. అది తెలిశాక ఆయన ప్రతి మలుపు దగ్గరా కొండ తొలిచిన గుర్తులు చూపిస్తూ వచ్చారు. చివర్లో ట్వెల్వ్ అపోసల్స్ అనే రాతి స్తంభాలు సముద్రంలో నిలబడి ఉంటాయి. పన్నెండు లెక్కపెట్టబోతే మిగిలినవి ఎనిమిది. ఒకటి 2005లో కూలిపోయింది. కొంచెం ముందుకెళ్తే లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన, అది 1990 జనవరిలో ఒకవైపు తెగి పడిపోయి, అవతలి కొసన ఇద్దరు టూరిస్టులు చిక్కుకుంటే హెలికాప్టర్‌లో దింపారు. "ఈ దేశం అంచులు ఇంకా పూర్తికాలేదు, రోజూ సముద్రం దిద్దుతూనే ఉంది" అన్నారు నాన్న. అది ఆయన క్లాసులో చెప్పే పద్ధతి.

మధ్యాహ్నం అపోలో బే దగ్గర పార్కులో ఆగాం. ఇక్కడ పార్కుల్లో ఊరికే వాడుకునే కరెంటు బార్బెక్యూలు ఉంటాయి, బటన్ నొక్కితే ఇనపప్లేటు వేడెక్కుతుంది. ఇంతసేపూ తల పట్టుకుని కూర్చున్న అమ్మకి అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎవరేం కాల్చుకున్నారో అని ప్లేటు మీద నేరుగా పెట్టనని, పెనం బయటికి తీసింది. పెనం ఎప్పుడు సర్దిందో, పిండి ఎప్పుడు తెచ్చిందో మాకెవ్వరికీ తెలీదు. అట్లు ఆలస్యంగా కాలాయి కానీ కాలాయి. పులిహోర గిన్నె చుట్టూ మూగిన సీగల్స్‌ని నాన్న గొడుగుతో అదిలిస్తుంటే, పక్క బల్ల వాళ్ళు వచ్చి ఓ అట్టు అడిగి తిన్నారు. అపోసల్స్ సంగతి మా పిల్లలకి గుర్తులేదు, ఆ అట్లు గుర్తున్నాయి.

జనవరిలో భోగి వచ్చింది. ఉత్తరాయణం అంటే మనకి పగళ్ళు పెరిగే కాలం, ఇక్కడ అప్పటికే తగ్గుతుంటాయి. వేసవిలో మంటలమీద ఆంక్షలుంటాయి కాబట్టి భోగిమంట ఊసే లేదు. రేగుపళ్ళు దొరకలేదు. అమ్మ చెర్రీపళ్ళూ, పూలరేకులూ, చిల్లర డాలర్లూ కలిపి మనవరాలి తలమీద పోసింది. దాని గౌనుకి పడిన ఎర్రటి మరకలు ఇప్పటికీ పోలేదు. గౌను కూడా ఉంది.

తర్వాత ఇంకోసారి వచ్చారు. 2020లో రావాలనుకున్నారు, ఆ మార్చిలో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసింది. టీకాలు వేయించుకున్న విజిటర్లకి మళ్ళీ తెరిచింది 2022 ఫిబ్రవరిలో. 2020 డిసెంబరులో మా ఇల్లు బోసిపోయింది. అబ్బాయికి అప్పటికి మీసాల గీత వస్తోంది, మాటలు తగ్గాయి. ఒకరోజు వీడియో కాల్లో నాన్న, "ఒరేయ్, మీ దగ్గర నువ్వు కర్ర పాతు, ఇక్కడ నేను పాతుతాను" అన్నారు. వాడు నసుగుతూనే పాతాడు. మధ్యాహ్నం ఇక్కడ జానెడు పైన నీడ, కొన్ని గంటల తర్వాత మా ఊళ్ళో దాదాపు రెండు మూరల నీడ, ఎదురెదురు దిక్కుల్లో. కోణాలు కడితే ఇక్కడ సూర్యుడు నడినెత్తి నించి పద్నాలుగు డిగ్రీలు ఉత్తరానికి, అక్కడ దాదాపు నలభై దక్షిణానికి. రెండూ కలిపి యాభైనాలుగు. మా ఊరి అక్షాంశం పదహారు, మెల్‌బోర్న్‌ది దాదాపు ముప్ఫై ఎనిమిది, అదీ యాభైనాలుగే. వాడు కాలిక్యులేటర్ పక్కన పెట్టి, "తాతయ్యా, వర్కయింది!" అని అరిచిన అరుపు నేను వంటింట్లోంచి విన్నాను. వాళ్ళిద్దరూ ఆ రోజు రాత్రి దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆఖరుసారి రావడం 2024లో. నాన్న చేతికి కర్ర వచ్చింది, అమ్మకి మోకాళ్ళు. దూరాలు పెట్టుకోలేదు. కానీ పదేళ్ళ కిందట ట్రామ్‌లోంచి ఎంసీజీ క్రికెట్ స్టేడియం చూపిస్తే "ఈసారి కాదులే" అన్న మాట నాన్న మర్చిపోలేదు. ఇండియా, ఆస్ట్రేలియాల బాక్సింగ్ డే టెస్టు మూడో రోజుకి, డిసెంబరు 28 శనివారానికి టికెట్లు తీసుకున్నాం. ఆ రోజు ఏమైందో తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, ఇరవై ఒక్కేళ్ళు, ఎనిమిదో నంబరులో దిగి ఆడుతూనే ఉన్నాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. మా చుట్టూ ఉన్నవాళ్ళు సగం తెలుగులోనే అరుస్తున్నారు. అమ్మకి క్రికెట్ రాదు. "మన పిల్లాడు" అని తెలిశాక ఆవిడ కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది.

టీ విరామం తర్వాత నాన్న బాత్రూముకి వెళ్తానన్నారు. అప్పటికి కుర్రాడు తొంభైల్లో ఉన్నాడు, ఇప్పుడు కాదంటే వినలేదు, వయసు అలాంటిది. మనవడు తోడు వెళ్ళాడు. మెట్లు, లైను, మళ్ళీ మెట్లు. ఈలోగా సుందర్ ఔట్, బుమ్రా ఔట్, నితీశ్ 99 మీద అవతల నిలబడిపోయాడు. సిరాజ్ మూడు బంతులు కాచుకున్నాడు. ఆ మూడు బంతులూ మా స్టాండ్లో ఎవరూ కూర్చోలేదు. తర్వాత బోలండ్ బంతిని మిడాన్ మీదుగా లేపి ఫోర్. నితీశ్ ఒక మోకాలి మీద కూర్చుని, బ్యాటు నేలకి ఆనించి నిలబెట్టి, దాని పైన హెల్మెట్ పెట్టి, ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. స్టాండ్లో వాళ్ళ నాన్న ఏడుస్తుంటే పెద్ద తెర మీద చూపించారు, అమ్మ కూడా ఏడ్చింది. నాన్న ఆ వంద పరుగుల్నీ వరండాలో గోడకి తగిలించిన టీవీలో చూశారు, ఎవరో తెలియని పంజాబీ కుర్రాణ్ణి కౌగిలించుకుని.

ఇండియా ఆ మ్యాచ్ ఓడిపోయింది, అది వేరే సంగతి. ఇంత దూరం విమాన ప్రయాణం ఇక వద్దని డాక్టరు చెప్పారు కాబట్టి ఇప్పుడు డిసెంబరులో మేమే వెళ్తున్నాం. చలికి మా అమ్మాయి రెండు స్వెట్టర్లు వేసుకుంటుంది. సాయంత్రం పూట అరుగు మీద నాన్న దగ్గరికి పాత స్టూడెంట్లు వస్తే ఆ ఫోర్ కథ మొదలవుతుంది. బంతి ఎక్కడ పడింది, బ్యాటు ఎలా తిరిగింది, మిడాన్ ఫీల్డరు ఎంత వెనక్కి పరిగెత్తాడు, అన్నీ వస్తాయి. "మీరు అక్కడే ఉన్నారా మాస్టారూ!" అంటారు వాళ్ళు. "అక్కడే ఉన్నా" అంటారాయన, అదేం అబద్ధం కాదు. అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి అక్కడే కూర్చుంటుంది. "చెప్పండి చెప్పండి, నేనూ వింటా. నాకు క్రికెట్ తెలీదు కదా."